వ్యాసం దిద్దడానికి ఏది మేలు: మొత్తం మార్కా, గళ్ల పట్టికా, నడి గడి పట్టికా?

తొమ్మిదో తరగతికి బతుకమ్మ మీద వ్యాసం ఇచ్చాను. చాలామంది "బతుకమ్మ మన సంస్కృతికి ప్రతీక" అని మొదలుపెట్టారు. హనుమకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం గునుగు పూల కొసలను రంగులో ముంచడం గురించి రాసింది. "దసరా పోయినా నా వేళ్లు గులాబీగానే ఉన్నాయి" అన్నది అందులో ఒక వాక్యం. అయితే గౌరమ్మ "గౌరమ" అయింది, పువ్వు "పువు" అయింది. ఇరవైకి పదకొండు వేశాను. "ఎక్కడ తగ్గింది సార్?" అని అడిగితే చెప్పలేకపోయాను.

మొత్తానికి ఒకే మార్కు వేసే పద్ధతిలో నలభై పుస్తకాలు ఒక్క సాయంత్రంలో దిద్దవచ్చు. దాని మేలు అంతవరకే. 1961లో అమెరికాలోని ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ 300 వ్యాసాలను 53 మందితో దిద్దించింది. తొమ్మిది శ్రేణుల్లో, 94 శాతం వ్యాసాలకు కనీసం ఏడు వేర్వేరు శ్రేణులు పడ్డాయి. ఒకరు మెచ్చింది భావాన్ని, మరొకరు చూసింది అక్షరదోషాన్ని. నా ఎర్ర సిరా కూడా ఆ రోజు ఒత్తులనే చూసింది.

గళ్ల పట్టికలో విషయం, అమరిక, పదాల ఎంపిక, అక్షరశుద్ధి వేర్వేరు వరుసలు. ఒక్కోదానికి ఐదు మార్కులు. ఆ అమ్మాయికి ఇప్పుడు 5, 3, 4, 1 వస్తాయి. లోపం ఎక్కడుందో తనకే కనిపిస్తుంది. కానీ గళ్లలో "చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు" అని రాసుకుంటే మళ్లీ మొదటికే వచ్చినట్టు. "తాను చూసిన సంగతి ఒక్కటైనా ఉంది" అన్నట్టు రాయాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. సామెతకు ఒక మార్కు అని ఒకసారి పెడితే, అతకని చోట కూడా సామెతలు వచ్చి పడ్డాయి. ఆ వరుసను తీసేశాను.

నడి గడి పట్టికలో మధ్యన మాత్రమే రాత ఉంటుంది: వ్యాసం ఎలా ఉండాలో. ఎడమ గడి, కుడి గడి ఖాళీ. చాలనిది ఎడమవైపు, మించినది కుడివైపు మనమే రాయాలి. చేయి నొప్పి పుడుతుంది, నిజమే. అంకె లేకపోవడం వల్ల పిల్లలు దాన్ని చదువుతారు. ఆ అమ్మాయి పుస్తకంలో కుడివైపు "వేళ్ల రంగు నీ ఒక్కదానికే తెలిసిన సంగతి, దాన్ని ముందుకు తెచ్చుకో" అని, ఎడమవైపు "ద్విత్వాక్షరాలు" అని రాశాను. రెండోసారి రాసినప్పుడు వ్యాసం వేళ్లతోనే మొదలైంది. గౌరమ్మకు ఒత్తు వచ్చింది.

పరీక్షకు గళ్ల పట్టికే న్యాయం, ఎవరు దిద్దినా తేడా తగ్గుతుంది. రాత మెరుగుపడాలంటే మాత్రం నా ఓటు నడి గడికే. ఎడమవైపు రెండు మాటలకు మించి రాయకూడదు, అంతకంటే ఎక్కువైతే పిల్లలు ఏదీ దిద్దుకోరు.

వచ్చే వారం భద్రకాళి చెరువు మీద వ్యాసం. ఈసారి పట్టికను ముందు రోజే నల్లబల్ల మీద గీస్తాను. నడి గడిలో ఏముండాలో పిల్లలనే చెప్పమంటాను.