శనివారం సాయంత్రపు పాపసంకీర్తనం: విచారణ గుడిలో దొరికే స్వస్థతపై సమీక్ష

స్వస్థత ప్రార్థనలంటే జనం ఎగబడతారు. మైకులు, కీబోర్డు, సాక్ష్యాలు, పెద్ద హడావిడి. వాటిని తప్పుపట్టడం లేదు. కానీ కతోలిక విచారణలో, అంటే ఒక ఫాదర్ చూసుకునే గుడి పరిధిలో, అసలు వైద్యం జరిగేది గుడిలో ఓ మూల, జాలీకి అటొకరు ఇటొకరు కూర్చున్నచోట. చేసిన పాపాలు ఫాదర్‌తో చెప్పుకుని క్షమాపణ పొందడమే పాపసంకీర్తనం. ముగ్గురో నలుగురో మాత్రమే వచ్చే దానికే మా మార్కులు ఎక్కువ.

సిద్ధపడి వస్తే మనిషికి ఐదు నుంచి పది నిమిషాలు చాలు. సిలువ గుర్తు వేసుకుని, క్రితంసారి ఎప్పుడు చేశారో చెప్పాలి. తర్వాత పాపాలు. గురువు (ఫాదర్) చెప్పే సలహా, ఇచ్చే ప్రాయశ్చిత్తం విన్నాక ఉత్తమ మనస్తాప జపం, అంటే పాపాలకు పశ్చాత్తాపపడే ప్రార్థన. అప్పుడాయన చెయ్యి చాచి పాపవిమోచన వాక్యం పలుకుతారు. జపం నోటికి రాదని ఏళ్ల తరబడి మొహం చాటేసేవాళ్లున్నారు. “ప్రభువా, తప్పు చేశాను, క్షమించు” అని సొంత మాటల్లో అన్నా సరిపోతుంది. చీటీ రాసుకుని వెళ్లినా తప్పులేదు, పనయ్యాక చింపెయ్యండి, అంతే.

తేడా కొట్టేది ఎక్కువగా మన వైపే. చావైన పాపాల (తెలిసి, కావాలని చేసిన ఘోర పాపాల) రకం, ఎన్నిసార్లు చేశామన్నది చెప్పాలని 1983 నాటి కతోలిక శ్రీసభ చట్టం 988వ నియమం అంటుంది. “నాకు కోపమెక్కువ ఫాదర్” అంటే ఏమీ చెప్పనట్టే. “అమ్మను వారానికి రెండు మూడుసార్లు నోటికొచ్చినట్టు తిడుతున్నాను” అంటే గాయం ఎక్కడుందో గురువుకి తెలుస్తుంది. కొందరైతే మొగుడి పాపాలు, అత్తగారి పాపాలు వరసగా ఒప్పజెప్పి తమవి మాత్రం మర్చిపోతారు! నిజంగా మర్చిపోయిన పాపానికి బెంగక్కర్లేదు. అదీ క్షమాపణలో చేరిపోతుంది, గుర్తొచ్చాక మళ్లీసారి చెబితే చాలు. చావైన పాపాన్ని కావాలని దాస్తే మాత్రం ఆ పాపసంకీర్తనం మొత్తం చెల్లదు. ఇంకో అపోహ: ప్రాయశ్చిత్తం పూర్తయ్యేదాకా దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకోకూడదని. తీసుకోవచ్చు, కానీ ప్రాయశ్చిత్తాన్ని రేపుమాపని సాగదీస్తే మర్చిపోవడం ఖాయం.

గోప్యతకు పూర్తి మార్కులు. విన్నది నేరుగా బయటపెట్టిన గురువు ఆ క్షణమే శ్రీసభ నుంచి వెలివేతకు గురవుతాడు. కోర్టు అడిగినా ఆయన నోరు విప్పకూడదు. జాలీ వెనక మొహం కనిపించకుండా చెప్పుకునే హక్కు కూడా మనకుంది. రుసుము లేదు.

మార్కులు తగ్గేది వేళల దగ్గర. బోర్డు మీద “పూజకు ముందు” అని రాసుంటుంది. పూజకు పది నిమిషాల ముందు వరస కడితే రెండో మనిషి లేచేసరికి గంట కొడతారు. ఈస్టర్‌కి ముందొచ్చే పవిత్రవారంలో ఆ వరస చూస్తే వెనక్కి వెళ్లిపోవాలనిపిస్తుంది. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల తపస్సుకాలంలో మొదటి రెండు వారాల్లోనే వెళ్లండి, లేదా ఫాదర్‌గారిని విడిగా వేళ అడగండి. వేళ అడగడానికే ఫోన్. పాపాలు ఫోన్‌లో చెబితే చెల్లదు.

ఇక అందరూ ఆలస్యంగా వాడుకునే సేవ వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, అంటే రోగికి పవిత్ర తైలం రాసి ప్రార్థించడం. “అవస్థ అభ్యంగనం” అనే పాత పేరే కొంప ముంచింది. ఫాదర్ వస్తే ప్రాణం పోతుందని భయపడి, ఊపిరి ఆగిపోయాక కబురంపుతారు. చనిపోయినవారికి ఈ సంస్కారం ఇవ్వరు, ప్రార్థన మాత్రమే చేస్తారు. పెద్ద జబ్బు తేలినప్పుడు, జబ్బు తీవ్రమై ఆపరేషన్‌కి వెళ్లేముందు, వయసుతో బాగా నీరసించినప్పుడు అడగాలి. మనిషి తెలివిలో ఉండగా పిలిస్తే ముందు పాపసంకీర్తనం కూడా జరుగుతుంది. జబ్బు ముదిరితే మళ్లీ తీసుకోవచ్చు.

గురువు తెచ్చేది బొటనవేలంత లోహపు డబ్బీ. లోపల నూనెలో తడిసిన దూది. మామూలుగా పవిత్రవారంలో పీఠాధిపతి (బిషప్) ఆశీర్వదించిన తైలమే అది, ఎక్కువగా ఆలివ్ నూనె. 1972లో ఆరవ పౌలు పోప్ సవరించిన క్రమం ప్రకారం నుదుటి మీద, రెండు చేతుల మీద రాస్తారు. మంచం పక్కన చిన్న బల్ల, తెల్లగుడ్డ, సిలువ, వేళ్లు తుడుచుకోవడానికి దూది సిద్ధంగా ఉంచండి. గదిలో ఆక్సిజన్ సిలిండర్ ఉంటే కొవ్వొత్తి వెలిగించొద్దు. సత్ప్రసాదం కూడా ఇస్తే, దానికి ముందు ఒక గంట ఉపవాసం ఉండాలన్న నియమం రోగికి, పక్కనుండి చూసుకునేవాళ్లకి వర్తించదు. మింగలేని రోగి అయితే ఆ సంగతి ముందే చెప్పండి, అప్పంలో చిన్న ముక్కే ఇస్తారు.