ఒక్క మంచమా, రెండా: నల్గొండ నుంచి ఫుకెట్ దాకా

నల్గొండ గడియారం సెంటర్‌కు దగ్గర్లో, ఒక మేడ మీద ఒక అక్క చిన్న ట్రావెల్స్ నడుపుతుంది. అడగకుండా పేరు రాయడం ఇష్టం లేదు కానీ ఆమె సర్వీసు గురించి మాత్రం రాయకుండా ఉండలేను. మేమిద్దరం మగవాళ్లం, కలిసి ఉండబట్టి ఆరేళ్లు. నాది నల్గొండ, అతనిది జడ్చర్ల. సముద్రం చూడాలన్నది అతని కోరిక.

అంతకుముందు ఇంకో ఏజెన్సీకి ఫోన్ చేశాం. అతను మాల్దీవుల హనీమూన్ ప్యాకేజీ చెప్పాడు, ఇద్దరం మగవాళ్లమే అన్నాక "ఫ్రెండ్సే కదా సార్, రెండు బెడ్లు వేయిస్తా, ఏం కాదు" అన్నాడు. మాల్దీవుల్లో మాలాంటి వాళ్ల బంధం ఇప్పటికీ నేరమే. శ్రీలంకలోనూ బ్రిటిష్ వాళ్లు పెట్టిన సెక్షన్ ఇంకా చట్టంలో ఉంది. మన దగ్గర మాలాంటి వాళ్ల బంధాన్ని నేరం చేసిన 377 సెక్షన్‌ను 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు పక్కన పెట్టి, అది నేరం కాదన్నరోజు టీవీ ముందు ఏడ్చినవాడిని, లక్షలు పోసి మళ్లీ అలాంటి చట్టం కిందికి ఎందుకు పోవాలి?

అక్క దగ్గర అసలు విషయం చెప్పడానికి నాకు గొంతు పెగల్లేదు. ఆమె రాసుకుంటూనే, తల ఎత్తకుండా అడిగింది: "ఒక్క మంచమా, రెండా తమ్మీ? ఇప్పుడే చెప్పు, ఆడికి వోయినంక లొల్లి వద్దు." ఒక్కటే అన్నాను. సరే అని రాసుకుంది. తర్వాత నాలుగు రోజులు హోటల్ వాళ్లతో మెయిళ్లు నడిపి, ఇద్దరు మగవాళ్లు, ఒకే పెద్ద మంచం అని రాయించి, ప్రింటు నా చేతిలో పెట్టాకే అడ్వాన్సు తీసుకుంది.

థాయిలాండ్‌లోని ఫుకెట్ దీవి ఆమె చెప్పిందే. 2025 జనవరి 23 నుంచి థాయిలాండ్‌లో ఇద్దరు మగవాళ్లయినా, ఇద్దరు ఆడవాళ్లయినా పెళ్లి చేసుకోవచ్చు, ఆగ్నేయాసియాలో ఆ చట్టం తెచ్చిన మొదటి దేశం అదే. మే నుంచి అక్టోబర్ దాకా వానలు, బీచ్‌లో ఎర్రజెండా పెడితే నీళ్లలోకి దిగకూడదు, అందుకని ఫిబ్రవరికి వేసింది. దిగడానికి ముందు 3 రోజుల్లో ఆన్‌లైన్‌లో నింపాల్సిన అరైవల్ కార్డు కూడా తనే పక్కన కూర్చోబెట్టుకుని నింపించింది.

హోటల్ కౌంటర్‌లో అమ్మాయి రెండు పాస్‌పోర్టులు పక్కపక్కన పెట్టి, ఒకే కవర్ మీద ఇద్దరి పేర్లూ రాసి, లోపల రెండు తాళం కార్డులు పెట్టి ఇచ్చింది. అంతే, ఇంకేమీ అడగలేదు. మన దగ్గర లాడ్జిల్లో "మీరిద్దరూ ఏమవుతారు" అన్న ప్రశ్నకు ఎన్నిసార్లు కజిన్ అని చెప్పామో. లిఫ్టులో అతను ఆ కవర్ చూసుకుంటూనే ఉన్నాడు.

ఫుకెట్‌లోనే పటోంగ్ బీచ్ దగ్గర ప్యారడైజ్ కాంప్లెక్స్ అనే చోట మాలాంటి వాళ్ల బార్లు చాలా ఉన్నాయి, ఒక రాత్రి వెళ్లాం, చెవులు గింగుర్లెత్తాయి కానీ అంతమంది మాలాంటి వాళ్లను ఒకేచోట చూడటం అదే మొదటిసారి. బస మాత్రం కొంచెం ప్రశాంతంగా ఉండే కటా బీచ్‌లో. సాయంత్రం ఇసుకలో చేతులు పట్టుకుని నడుస్తుంటే వెనక నుంచి తెలుగు మాటలు వినపడ్డాయి, అతను చెయ్యి చటుక్కున వదిలేశాడు. ఎవరో ఒక ఫ్యామిలీ, మమ్మల్ని దాటిపోయారు, పిల్లాడు గవ్వలు ఏరుకుంటున్నాడు. అతను మళ్లీ చెయ్యి పట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. హోటల్ ఎంత మంచిదైనా ఈ భయం మన పెట్టెలోనే వస్తుంది, వెళ్లేవాళ్లు దానికి సిద్ధపడి వెళ్లండి.

ఒక్క లోపం, తిండి. అతను శనివారం నీచు ముట్టడు. అక్క పడవ ట్రిప్పులో వెజ్ భోజనం అని రాయించింది కానీ అక్కడ కూరగాయల కూరలో కూడా చేపల సాస్ వేస్తారు, ఒక ముద్ద నోట్లో పెట్టగానే వాసన పట్టేశాడు. ఆ రోజంతా అరటిపళ్లు, మేం తీసుకెళ్లిన సకినాలు. పూర్తి శాకాహారం కావాలంటే అక్కడ "జే" అని అడగాలట, పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న కొట్లలో అయితే మాంసం, చేప ఏవీ తగలవు. తిరిగొచ్చాక అక్కకు చెప్తే నోట్‌బుక్కులో రాసుకుంది.

నాలుగున్నర స్టార్లు. డబ్బు కట్టకముందే మంచం గురించి హోటల్ నుంచి వచ్చిన మెయిల్ ప్రింటు అడిగి తీసుకోండి, నోటిమాట మీద విమానం ఎక్కొద్దు.