కొండపల్లి ముందా, బాపు మ్యూజియం ముందా?

మా తమ్ముడి కూతురికి స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. మీ ఊళ్లో పాతకాలం నుంచి జరుగుతున్న పనులు, పనిముట్ల గురించి రాసుకు రమ్మన్నారట. వాళ్లుండేది హైదరాబాద్‌లోనే అయినా, "మా ఊరంటే బెజవాడే" అని పిల్ల పట్టు పట్టింది. సంక్రాంతి సెలవులకి మా ఇంట్లో దింపేసి, "అక్కా, ఒక్క రోజులో ఏదైనా మ్యూజియం చూపించెయ్యి, అయిపోతుంది" అని వాడు చల్లగా వెళ్లిపోయాడు.

చూపించెయ్యడానికి అది ఒక్క చోట ఉంటే కదా! మన జిల్లాల్లో పని అన్నది ముక్కలు ముక్కలుగా ఉంది. బొమ్మలు కొండపల్లిలో, మగ్గాలు మంగళగిరిలో, శిల్పాలు అమరావతిలో. ఊళ్లో బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం సరేసరి. ఒక్క రోజే చేతిలో ఉంది కాబట్టి ముందు రాత్రి కూర్చుని కొన్నిటిని జాబితాలోంచి కొట్టేశాను.

మొదట పోయింది అమరావతి. నాకిష్టమైన చోటే. కానీ 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ కంట పడ్డాక అక్కడి బౌద్ధ స్తూపం రాళ్లు ఎటెటో వెళ్లిపోయాయి. మంచివి చాలావరకు చెన్నై మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. ఇక్కడి మ్యూజియం ఆవరణలో స్తూపం నమూనా కట్టి పెట్టారు, అది చూస్తే అసలుది ఎంత ఉండేదో తెలుస్తుంది. పైగా శుక్రవారం సెలవు. పదేళ్ల పిల్లకి ఇంతదూరం తీసుకెళ్లి "అసలువి లండన్‌లో ఉన్నాయమ్మా" అని చెప్పబుద్ధి కాలేదు. మంగళగిరిలో గుంట మగ్గం చూపించాలని ఉంది కానీ, పండగ పూట మగ్గం దిగి కూర్చున్న మనిషి దొరకడం కష్టం. మామూలు రోజుల్లో అయితే నా ఓటు దానికే పడేదేమో.

ప్రకాశం బ్యారేజికి టికెట్ లేదు, టైమింగులు లేవు. 1855 నాటి పాత ఆనకట్ట 1952లో తెగిపోతే, 1957లో ఈ బ్యారేజి వచ్చింది. డెబ్బై గేట్లు. 2024 సెప్టెంబరు వరదలో పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్నది అందరం టీవీల్లో చూశాం. డెల్టా తినే అన్నం ఎక్కణ్నుంచి వస్తుందో చూపించడానికి దీన్ని మించింది లేదు. ఒకటే ఇబ్బంది, దాని మీద ఆగి చూద్దామంటే వెనక నుంచి హారన్లు. పిల్ల పదకొండో గేటు దగ్గర లెక్క తప్పింది.

ఇక మిగిలినవి రెండు.

బాపు మ్యూజియం భవనం గురించి ఒక మాట. విక్టోరియా రాణి స్వర్ణోత్సవాలని 1887 జూన్ 27న అప్పటి కృష్ణా కలెక్టర్ రాబర్ట్ సూయల్ దానికి శంకుస్థాపన చేశాడు. ఆయన అంతకు పదేళ్ల ముందే అమరావతిలో తవ్వకాలు చేయించినవాడు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు పింగళి వెంకయ్య గాంధీగారికి జెండా చూపించింది ఇక్కడే. అంటే రాణిగారి పేరున కట్టిన ఇంట్లో మన జెండా పుట్టింది. విక్టోరియా జూబ్లీ అన్న పేరు పోయి, ఇప్పుడు బాపు, అంటే గాంధీగారి పేరుంది. 2020లో కొత్త హంగులతో మళ్లీ తెరిచారు. లోపల అల్లూరులో దొరికిన తెల్లరాతి బుద్ధుడు, శాసనాలు, కత్తులు, నాణేలు. చల్లగా, నీడగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ కూడా రాగలదు.

ప్రాజెక్టుకి మాత్రం అక్కడ ఒక చిక్కుంది. అద్దం వెనక కత్తి కనిపిస్తుంది, కొలిమి కనిపించదు. ఎవరు, ఎలా, ఎన్నాళ్లకి చేశారన్నది పిల్లలు అడుగుతారు. బోర్డు మీద శతాబ్దం ఉంటుంది.

అందుకని పొద్దున్నే కొండపల్లి బయల్దేరాం. ఊరికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. ఇబ్రహీంపట్నం దాకా బస్సు బాగానే వెళ్లింది. రింగ్ సెంటర్‌లో ఆటో అతను పండగ రేటన్నాడు, బేరమాడే ఓపిక లేక ఎక్కేశాం.

బొమ్మల కాలనీలో ఒక ఇంటి అరుగు మీద ఏనుగు తయారవుతోంది. ఏనుగంటే మొత్తం ఏనుగు కాదు. ఒళ్లు ఒకచోట, తొండం ఒకచోట, చెవులు పళ్లెంలో. పిల్ల ఆగలేకపోయింది.

"తాతా, తొండం ఎందుకు ఊడిపోయింది?"

"ఊడలేదమ్మా, ఇంకా పెట్టలేదు. చెక్కలో అంత వంపు ఎక్కడ దొరుకుద్ది? విడిగా చేసి అతకాల."

ఆ చెక్క తెల్ల పొణికి. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. సన్నటి సెగ మీద ఆరబెట్టి, తడి పోయాకే ఉలి పెడతారట. అతికేది మక్కుతో, అంటే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. పెద్దాయన పిల్ల వేలి మీద కాస్త రాశాడు. అది ఆరాక గీరుకుంటూ మధ్యాహ్నం దాకా దాని గురించే మాట్లాడింది. అతుకు మీద మళ్లీ మక్కు మెత్తి, ఆకురాయితో నున్నగా చేసి, సున్నం పూత వేసి, అప్పుడు రంగులు. పూత పడ్డాక అతుకు ఎక్కడుందో ఎంత వెతికినా మనకి దొరకదు. పొణికి చెట్టు తగ్గిపోతోందని, చెక్క కోసం తంటాలు పడుతున్నామని కూడా చెప్పాడు. అది పిల్ల నోట్సులో మొదటి లైనుగా చేరింది.

ఇబ్బందులు లేవనను. ఎండ. కూర్చునే చోటు ఉండదు. వివరంగా చెప్పేవాళ్లు దొరకడం మన అదృష్టం, వాళ్ల తీరిక. ఉత్తచేతులతో రావడానికి మొహమాటం, అందుకని తాటిచెట్టెక్కే గీత కార్మికుణ్ని కొన్నాం. పిల్ల కొండ మీది ఖిల్లా ఎక్కుదామంది గానీ, నేను విననట్టు నటించాను.

అయినా ఒక్కదానికే వీలుంటే కొండపల్లే అంటాను. రెండూ కుదిరితే మాత్రం కొండపల్లి ముందు, మ్యూజియం తర్వాత. ఎండ కోసమే కాదు. నేనింతకు ముందు రెండుసార్లు చుట్టాల పిల్లల్ని బాపు మ్యూజియానికి నేరుగా తీసుకెళ్లాను. పావుగంటలో ఐస్‌క్రీమ్ అడిగారు.

ఈసారి భోంచేసి మూడింటికి వెళ్లాం. పిల్ల అల్లూరు బుద్ధుడి ముందు నిలబడింది. కాసేపయ్యాక పక్కకి వెళ్లి మెడ వంచి చూస్తోంది. ఏంటే అంటే, వేలికి మిగిలిన మక్కు గీరుకుంటూ, "ఉండత్తా, చెయ్యి ఎక్కడ అతికించారో చూస్తున్నా" అంది.