ఆదివారం ఇల్లు చూపించడానికి ఏ టూల్స్ పనికొస్తాయి: హనుమకొండలో కొన్నేళ్లు వాడాక

వాట్సాప్ బిజినెస్, గూగుల్ మ్యాప్స్, ఒక యూట్యూబ్ లింకు. హనుమకొండ, కాజీపేట వైపు ఓపెన్ హౌస్ పెట్టి కొనే పార్టీలను పిలవాలనుకుంటే ఈ మూడు చాలు. మిగతావి చేతిలో డబ్బులు మిగిలితే చూసుకోండి.

మేం చూపించేవి ఎక్కువగా రీసేల్ ఇండిపెండెంట్ ఇళ్లు, చిన్న అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్లు. ఒక్కో పార్టీకి ఒక్కోసారి వెళ్లి తాళం తీయడం మానేసి, ఆదివారం ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా ఇల్లు తెరిచే ఉంటుంది, మీకు వీలైనప్పుడు రండి అని చెప్పడం మొదలుపెట్టి కొన్నేళ్లయింది. అమెరికాలో అయితే వీధి చివర బోర్డు చూసి కూడా లోపలికి వస్తారట. మన దగ్గర ముందు ఫోన్‌లో నాలుగు మాటలు నడవకపోతే గేటు కూడా దాటరు. అందుకే ఏ టూల్ ఎంతమందికి చేరిందన్నది నాకు పెద్ద లెక్క కాదు, వచ్చే మనిషి అనుమానాలు ఇంట్లోంచి బయల్దేరకముందే తీర్చిందా లేదా అన్నదే చూస్తాను.

వాట్సాప్ బిజినెస్‌తో మొదలుపెడతా, ఎందుకంటే సగం పని అక్కడే అవుతుంది. ఒక్కో బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందినే పెట్టగలం, పైగా మన నంబర్ వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ వెళ్తుంది. ఈ రెండో సంగతి చాలామందికి తెలియదు, మెసేజ్ పంపాం కదా, ఎవరూ రాలేదేంటి అని కూర్చుంటారు. నేనైతే మొదటి కాల్‌లోనే చెప్పేస్తా, ‘నంబర్ సేవ్ చేసుకోండి సార్, లేకపోతే లొకేషన్ రాదు’ అని. తర్వాత లేబుల్స్, అంటే ఒక్కో పార్టీ చాట్‌కి మనం తగిలించుకునే గుర్తులు. ‘60 లక్షల లోపు’, ‘ఈస్ట్ మాత్రమే’, ‘అబ్బాయి అమెరికా’ అని పెట్టుకుంటే వెస్ట్ ఫేసింగ్ ఇల్లు ఎవరికి పంపకూడదో తెలుస్తుంది, అనవసరంగా పంపితే మూడోసారికి మ్యూట్ చేస్తారు. క్విక్ రిప్లైలు కూడా బాగా పనికొస్తాయి. అడిగేవి ఎప్పుడూ అవే: ఎన్ని గజాలు, ఏ ఫేసింగ్, రోడ్డు ఎన్ని ఫీట్లు, నల్లా ఉందా బోరేనా, లోన్ వస్తదా, ‘ఫైనల్ ఎంతకిస్తరన్నా’. జవాబులు ఒకసారి టైప్ చేసి పెట్టుకుంటే బండి మీద ఉన్నా సిగ్నల్ దగ్గర ఆగి పంపేయొచ్చు.

గుర్తుచేసే మెసేజ్ శనివారం రాత్రి అన్నాలు తినే టైముకి ఒకటి, ఆదివారం పొద్దున ఒకటి. శుక్రవారం పంపింది ఎవరికీ గుర్తుండదు. రియల్ ఎస్టేట్ గ్రూపుల జోలికి నేను పోను. వాటిలో కొనేవాళ్లకంటే మాలాంటి ఏజెంట్లే ఎక్కువ. పొద్దున మన ఫొటో పెడితే మధ్యాహ్నానికి అదే ఫొటో వేరే నంబర్‌తో, రేటు రెండు లక్షలు పెరిగి మనకే తిరిగొస్తుంది. గ్రూపులకంటే స్టేటస్ నయం, 24 గంటలే ఉంటుంది కానీ చూసిన పేర్లు కనిపిస్తాయి, పెట్టిన ప్రతిదీ చూస్తున్నవాళ్లకి నేనే ఫోన్ చేస్తా.

ఇక రేటు. ఓనర్లు వద్దంటారు, రేటు రాస్తే బేరానికి చోటుండదని. నా మట్టుకు రేటు రాయని పోస్టు పెట్టనే పెట్టను. రేటు దాస్తే ఫోన్లు మోగుతూనే ఉంటాయి, ఆదివారం మాత్రం మనమూ ఓనరూ కుర్చీలేసుకుని ఒకరి మొహం ఒకరం చూసుకోవాలి.

గూగుల్ దగ్గర ఒక రూల్ తెలుసుకోవాలి. బిజినెస్ ప్రొఫైల్ మన ఆఫీసుకి పెట్టుకోవచ్చు, అమ్మే ఇంటికి, మోడల్ ఫ్లాట్‌కి పెట్టకూడదు. వాళ్ల నిబంధనల్లోనే ఉంది. ఇంటికో ప్రొఫైల్ తయారు చేసుకుంటూ పోతే సస్పెండ్ అవుతాయి, వచ్చిన రివ్యూలు కూడా కనిపించకుండా పోతాయి. ఇంటికి కావాల్సింది పిన్ మాత్రమే. గేటు ముందు నిలబడి డ్రాప్ చేసిన పిన్, దానితో పాటు ప్లస్ కోడ్, అంటే ఆ చోటుకి గూగుల్ మ్యాప్స్ ఇచ్చే చిన్న కోడ్. భీమారం, గోపాల్‌పూర్, ఉనికిచర్ల వైపు కొత్త కాలనీల్లో ఇంటి నంబర్‌తో ఇల్లు దొరకదు, ఒకే కాలనీని ముగ్గురు మూడు పేర్లతో పిలుస్తారు. పంపేముందు ఆ పిన్‌తో మెయిన్ రోడ్డు నుంచి మనమే ఒకసారి కారులో రావాలి. దగ్గరి దారి అని మ్యాప్ ఇరుకు సందులోకి తిప్పిందంటే, వెనక సీట్లో కూర్చున్న పెద్దాయనకి ఇల్లు చూడకముందే మనసు విరిగిపోతుంది. ఆఫీసు ప్రొఫైల్ మాత్రం బాగా ఉంచుకోండి, ఇల్లు కొన్నవాళ్ల చేత రెండు మాటలు రాయించండి, వచ్చేముందు దాదాపు అందరూ అది చూసే వస్తున్నారు.

యూట్యూబ్ వీడియో అసలు ఎవరి కోసమో చెప్తా. ఇక్కడ ఇల్లు చూసేది అమ్మానాన్న, ఒప్పుకోవాల్సింది డాలస్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్న కొడుకో కూతురో. వాళ్లకి రీల్ పనికిరాదు. ఒకటే టేక్, కట్ లేకుండా, రోడ్డు మీద మొదలై, పక్కిళ్లు, గేటు, సంపు, మెట్లు, మేడ దాకా. అన్‌లిస్టెడ్‌లో పెట్టి లింకు పంపితే అడిగినవాళ్లే చూస్తారు. వైడ్ యాంగిల్ వద్దు, పది బై పదకొండు బెడ్రూమ్ ఫంక్షన్ హాల్లా కనిపిస్తుంది, తీరా వచ్చి చూసి మొహం మాడ్చుకుంటారు. వర్షంలో తీసిన వీడియో ఉంటే అది కూడా జత చేయండి. 2020 ఆగస్టు, 2023 జులై వానలకి హంటర్ రోడ్డు వైపు కాలనీలు, నయీంనగర్ నాలా చుట్టుపక్కలు మునిగాక, ‘వానాకాలం నీళ్లొస్తయా’ అనేది వాస్తు కంటే ముందు అడుగుతున్నారు. నీళ్లు నిలవని రోడ్డు వీడియో ఒకటి వాళ్లకి పది మాటల పెట్టు.

టైము కూడా ఈ పిల్లల్ని బట్టే పెడతా. ఆదివారం పొద్దున 9కి మొదలుపెడితే డాలస్‌లో ఎండాకాలం శనివారం రాత్రి 10:30, కొడుకు ఇంకా మెలకువగానే ఉంటాడు, తండ్రి వీడియో కాల్‌లో ఇల్లంతా తిప్పి చూపిస్తాడు. పదకొండు దాటితే అక్కడ పడుకుంటారు, ‘మళ్లీ చెప్తాం’ అని వెళ్లిపోతారు, ఆ మళ్లీ రాదు. ఎండలకి సాయంత్రం పెడదామా అంటే ఆదివారం రాహుకాలం నాలుగున్నర నుంచి ఆరు. ఆషాఢంలో, మూఢాల్లో చూసి పోతారు, బయానా మాత్రం ఇవ్వరు. మేడారం జాతర వారం అసలు పెట్టకండి. దసరాకి పిల్లలు ఇంటికొస్తారు కాబట్టి మంచి ఇళ్లు అప్పటికి దాచుకుంటాం.

డబ్బులు కట్టి వేసే సోషల్ మీడియా ప్రకటనల మీద నా అభిప్రాయం సగం సగమే. ప్రకటన నొక్కితే వచ్చే లీడ్ ఫారమ్‌లో పేరు, నంబర్ వాటంతటవే నిండిపోతాయి, ఫోన్ చేస్తే ‘నేనెప్పుడు ఇచ్చిన?’ అంటారు. నొక్కగానే వాట్సాప్ తెరుచుకునే రకం కొంచెం మేలు, మనిషి తనే సెండ్ నొక్కాలి కదా. వరంగల్ చుట్టూ గీత గీసుకుని కూర్చోకుండా ఉప్పల్, ఘట్‌కేసర్ వైపు కూడా చూపించండి, మనవాళ్లు అటు చాలామంది ఉన్నారు. బడ్జెట్ వేసుకునేటప్పుడు 18 శాతం జీఎస్టీ కలుపుకోవాలి. ఇళ్ల ప్రకటనలు పెట్టే పోర్టల్ ప్యాకేజీ గురించి చెప్పాలంటే, ఒకటి కొన్నాం, వచ్చిన కాల్స్‌లో లోన్ ఏజెంట్లే ఎక్కువ, మళ్లీ కట్టలేదు. బల్క్ ఎస్సెమ్మెస్‌కి టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో హెడర్ (పంపేవాళ్ల పేరు), టెంప్లేట్ (మెసేజ్ నమూనా) రిజిస్టర్ చేయించాలి, ఒక్క ఇంటి కోసం అంత తతంగం దండగ.

బిల్డర్ ఫ్లాట్లకి ప్రచారం చేసేవాళ్లు మాత్రం రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం సంగతి మరవొద్దు. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా ప్రాజెక్టు రిజిస్టర్ అయ్యాకే ప్రకటన వేయాలి, నంబర్ అందులో ఉండాలి, అమ్మిపెట్టే ఏజెంటుకీ రిజిస్ట్రేషన్ ఉండాలి. చట్టానికి పేపర్ ప్రకటనా, మన స్టేటస్సూ ఒకటే. రిజిస్ట్రేషన్ లేని ప్రాజెక్టుకి జరిమానా అంచనా వ్యయంలో 10 శాతం దాకా ఉంటుంది. విడి రీసేల్ ఇంటికి ఈ ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

పోస్టర్లకి కాన్వా సరిపోతుంది, గజాలు, ఫేసింగ్, రేటు, టైము, అంతే రాయండి. గుమ్మం దగ్గర క్యూఆర్ కోడ్ అంటించి ఫారమ్ నింపమంటే పెద్దవాళ్లు కళ్లజోడు వెతుక్కుంటారు. నోట్‌బుక్కే పెట్టండి, వాళ్ల ఫోన్ నుంచి మనకి ఒక ‘హాయ్’ కొట్టించండి. సోమవారం ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (పాత రిజిస్ట్రేషన్ కాగితాలు), పర్మిషన్ కాపీ, ఇంటి పన్ను రసీదు ఒకటే పీడీఎఫ్‌గా, ఆధార్ నంబర్లు కనపడకుండా కొట్టేసి, అడిగినవాళ్లకే పంపండి.

ఇల్లు అమ్ముడుపోయిన రోజే వీడియో ప్రైవేట్‌లో పెట్టి, వాట్సాప్ కేటలాగ్‌లోంచి కూడా తీసేయండి. లేకపోతే గృహప్రవేశం అయ్యాక కూడా ఆదివారం పొద్దున్నే ఎవరో ఒకరు కొత్త ఓనర్ గేటు ముందు కారాపి, ‘అన్నా, వచ్చినం, తాళం తియ్యండి’ అని మనకి ఫోన్ చేస్తుంటారు.