ఫోన్‌లోంచి టీవీకి వీడియో: ఐదేళ్లు వాడాక

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. అమ్మకు మోకాళ్ల నొప్పి వచ్చి కొండకు వెళ్లడం తగ్గింది. ఇంట్లో కేబుల్ లేదు. టీటీడీ వాళ్ల భక్తి ఛానల్ ఎస్వీబీసీ లైవ్‌ను ఫోన్‌లోంచి టీవీకి వేసి చూపిద్దామని మొదలుపెట్టాను. ఐదేళ్లయింది.

మొదట్లో స్క్రీన్ మిర్రరింగ్, అంటే ఫోన్ తెరను ఉన్నదున్నట్టు టీవీలో చూపడం, వాడేవాణ్ణి. అదే తప్పు. బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు రాత్రి గరుడ సేవ. అమ్మ హారతి పళ్లెం పట్టుకుని టీవీ ముందు నిలబడింది. వాహనం కదిలే సమయానికి బొమ్మ ఆగిపోయింది. "ఏం నాయనా, స్వామి అక్కడే నిలిచిపోయినాడే?" అంది. సరిచేసే లోపు కాల్ వచ్చి, టీవీ నిండా ఆ నంబరే. పళ్లెంలో కర్పూరం అయిపోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మిర్రరింగ్‌లో ఫోన్ తెర మీద ఏముంటే అదంతా అప్పటికప్పుడు టీవీకి వెళ్లాలి. అందుకే ఫోన్ వేడెక్కుతుంది, ఛార్జింగ్ దిగిపోతుంది, తెర ఆపితే వీడియో కూడా పోతుంది. కాస్టింగ్ అలా కాదు. ఫోన్ ఏ వీడియో కావాలో చెప్పి ఊరుకుంటుంది, టీవీయే నెట్ నుంచి నేరుగా తెచ్చుకుంటుంది. యూట్యూబ్‌లో పైన చిన్న పెట్టె, దాని మూలలో మూడు గీతలు ఉన్న గుర్తు నొక్కితే చాలు. కాల్ వచ్చినా మాట్లాడుకోవచ్చు, టీవీలో వీడియో ఆగదు. ఫోన్, టీవీ రెండూ ఒకే వైఫైలో ఉండాలి, అంతే.

అయినా అప్పుడప్పుడు బొమ్మ ఆగి, లోడింగ్ చక్రం తిరుగుతూ ఉండేది. రౌటర్ లోపలి గదిలో ఇనుప బీరువా వెనక ఉండేది మరి. దాన్ని హాల్లోకి మార్చి, టీవీని వైఫైలోని 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు కలిపాను. ఆ టెన్షన్ పోయింది. గోడ అడ్డం ఉంటే మాత్రం 2.4 నయం, వేగం తక్కువైనా దూరం పోతుంది.

ఫోటోలకు మాత్రం ఇప్పటికీ మిర్రరింగే. కొన్ని సినిమా యాప్‌లు అందులో నల్ల తెరే చూపిస్తాయి, కాపీ కాకుండా పెట్టిన కట్టడి అది. తమ్ముడి ఐఫోన్‌లో యూట్యూబ్ కాస్ట్ అవుతుంది గానీ, తెర మొత్తం చూపాలంటే టీవీలో ఎయిర్‌ప్లే (ఆపిల్ వాళ్ల పద్ధతి) ఉండాలి. నెట్‌లో లైవ్ కాస్త ఆలస్యంగా వస్తుంది, క్రికెట్ అయితే పక్కింటి కేబుల్లో సిక్సర్ కేకలు మాకన్నా ముందే వినిపిస్తాయి.

కొత్త టీవీ కొనేవాళ్లు షాపులోనే మీ ఫోన్‌ నుంచి ఒక వీడియో కాస్ట్ చేయించి చూడండి. ఇప్పుడు అమ్మ కళ్లజోడు పెట్టుకుని తనే ఆ గుర్తు నొక్కుతోంది, పొద్దున్నే సుప్రభాతానికి.