తుపాకీ వద్దన్నాం, జట్కా మిషన్ పెట్టాం: ఒక పంటకాలం వాడి రాస్తున్నా

నిరుడు జూన్‌లో సోలార్ జట్కా మిషన్ కొన్నాను. చేను చుట్టూ కట్టిన తీగకు కరెంటు దెబ్బ ఇచ్చి జంతువులను చంపకుండా బెదరగొట్టే పెట్టె ఇది. మిషన్ పెట్టె, 40 వాట్ల ప్యానెల్, 12 వోల్టుల బ్యాటరీ, సైరన్ కలిపి 13,800 రూపాయలు పడింది. తీగ, కర్రలు, కూలీ వేరే. పత్తి ఇంటికొచ్చింది, సాళ్ళలో వేసిన కంది కూడా కొట్టాం, కాబట్టి ఇప్పుడు దీని మంచీ చెడూ రాయగలను. మాగనూరు, ఊట్కూరు వైపు చుట్టాలు కొనాలా వద్దా అని అడుగుతూనే ఉన్నారు. అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నా.

ఎందుకు కొన్నానో ముందు చెప్పాలి. మాది నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డుకు దగ్గరి ఊరు. నాలుగెకరాల నల్లరేగడి. మా ఆయన ఏడాదిలో ఎనిమిది నెలలు పుణెలో బిల్డింగ్ పనికి పోతాడు, చేను నా మీదే. మా వైపు కృష్ణ జింకలు ఎక్కువ. తెల్లవారుజామున వాగు అవతలి బీడులో ముప్పై, నలభై ఒక్కచోట నిలబడి ఉంటాయి. ఆడవి గోధుమ రంగులో ఉంటాయి. మగదానికి నల్లటి వీపు, తెల్లటి పొట్ట, మెలి తిరిగిన కొమ్ములు. మా మామ దాన్ని ఇర్రి అనేవాడు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన నన్ను గెట్టు మీద నిలబెట్టి చూపించింది మొదట వాటినే.

చూడ్డానికి ఎంత బాగుంటాయో, చేలో పడితే అంత నష్టం. పత్తి రెండాకుల మీద ఉన్నప్పుడు వస్తాయి. తల కొరికిన మొలక మళ్ళీ లేవదు. తొక్కిడికి పోయేది ఇంకొంత. నిరుడు మిరుగు (మృగశిర కార్తె) వానకు విత్తిన ఎనిమిది ప్యాకెట్లు వారం రోజుల్లో పోయాయి. ప్యాకెట్ 900 చొప్పున 7,200 రూపాయలు మట్టిలో కలిసినట్టే. మళ్ళీ విత్తాను. అందులో సగం పోయింది. చేను చుట్టూ పాత చీరలు కట్టాం. చీరలకు మూడు రోజులు బెదిరాయి, నాలుగో రోజు వాటి కింది నుంచే దూరి వచ్చాయి. రాత్రి మంచె మీద డబ్బా కొడుతూ కూర్చుంటే ఒక మూల తోలేలోపు ఇంకో మూల దిగేవి.

ఆ వారంలోనే పంచాయతీ ఆఫీసు ముందు చింతచెట్టు కింద ఊరు కూర్చుంది. తుపాకులున్నవాళ్ళను పిలిపిద్దాం, ఒక యాభై పడితే మిగతావి ఈ దిక్కు చూడవు అని కొందరన్నారు. అడవి పందులను కాల్చడానికి అనుమతి ఇస్తున్నప్పుడు జింకలకు ఎందుకు ఇవ్వరు, అర్జీ రాసి ఊరంతా సంతకాలు పెడదాం అన్నారు. ఆ మాట అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళలో ముందు నిలబడింది మా పక్క చేను అన్న. ఐదెకరాలు కౌలుకు పట్టి కంది వేశాడు. జింకలు తిన్నా, తినకపోయినా కౌలు కట్టాల్సిందే.

అర్జీకి ముందు అడ్డం చెప్పింది ఆడవాళ్ళే. మా పెద్దమ్మకు డెబ్భై దాటాయి, కూర్చున్నచోటి నుంచే అన్నది: "కరువొచ్చిన్నాడు మనం బతకనీకె ఊరిడిచి పోయినం. గవి యాడికి పోతయ్?" పాలమూరు మట్టిలో పుట్టినవాళ్ళకు ఆ మాట ఎక్కడ తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. గొర్లు కాసే తాత లేచి, బీళ్ళన్నీ దున్ని పత్తి పెట్టింది మనమే, అవి మేసే గడ్డి యాడుందో చూపించండి అన్నాడు. ఆయన చెప్పింది నిజం. ఇది దట్టమైన అడవిలో బతికే జంతువు కాదు, బయలు గడ్డిలో బతికేది. మా చిన్నప్పుడు ఊరికీ వాగుకూ మధ్య ఉన్న బీడు ఇప్పుడు మూలకు ఒక ముక్క మిగిలింది. రెండు రోజులు ఇల్లిల్లూ తిప్పినా ఆ కాగితం మీద పడిన సంతకాలు పదకొండు. మా ఊళ్ళో ఇళ్ళు రెండు వందలకు పైనే.

చట్టం సంగతి అటవీ శాఖ బీట్ ఆఫీసర్ వచ్చి విడమరిచాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణ జింక మొదటి షెడ్యూల్‌లో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. చంపితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. పంట తిన్నదని ఈ షెడ్యూల్‌లోని జంతువును కాల్చడానికి అనుమతి ఇచ్చే దారి చట్టంలో లేదు. మనిషి ప్రాణానికి ముప్పు అయితేనో, బాగుకాని గాయమో రోగమో ఉంటేనో తప్ప. అడవి పంది వేరే షెడ్యూల్, అందుకే దానికి వేరే నియమం. బిహార్‌లో 2015 డిసెంబరులో మనుబోతులను (నీల్‌గాయిలను) హానికర జంతువులుగా ప్రకటించి, 2016లో మొకామా దగ్గర రెండు వందలకు పైగా కాల్చేశారు. అది మనకు వర్తించదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సభలో వద్దని గట్టిగా అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. బయటికి వస్తుంటే కౌలు అన్న ఎదురొచ్చి, "జింకలను మీరు కాపాడుతరు చెల్లే, నా కందిని ఎవరు కాపాడుతరు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. కాల్చొద్దు అన్నవాళ్ళం పంట ఎలా దక్కించుకోవాలో చేసి చూపించాలి, లేకపోతే మా మాటకు విలువ ఉండదు. మూడో రోజు మక్తల్ పోయి మిషన్ తెచ్చాను.

ఇది పనిచేసే తీరు చెప్తాను. ప్యానెల్ పగలంతా బ్యాటరీని నింపుతుంది. మిషన్ ఆ కరెంటును చాలా ఎక్కువ వోల్టేజీకి పెంచి సెకనుకు ఒకసారి తీగలోకి దెబ్బలా వదులుతుంది. నా టెస్టర్‌లో 7,800 వోల్టుల దాకా చూపిస్తుంది. వినడానికి భయమే, కానీ ఆ దెబ్బ సెకనులో వందో వంతు కూడా ఉండదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి తగిలినవాళ్ళు చెయ్యి వెనక్కి తీసుకోగలుగుతారు. నాకు రెండుసార్లు తగిలింది. మోచేతి దాకా జివ్వుమంది, అంతే. జింక ముక్కు ఆనించిందంటే ఎగిరి దూకి వెనక్కి పోతుంది, తర్వాత వారం రోజులు ఆ దిక్కు రాదు.

ఇక్కడ ఒక మాట కోపంగానే రాస్తున్నా. జట్కా మిషన్‌కు డబ్బు లేదని మోటారు స్టార్టర్ నుంచి నేరుగా తీగకు కరెంటు ఇచ్చేవాళ్ళు మన దగ్గర ఉన్నారు. అది ఆగకుండా పారే కరెంటు. పట్టుకుంటే వదలదు. జంతువు చస్తుంది, పొద్దున నీళ్ళు పెట్టడానికి వచ్చిన పాలేరు చస్తాడు, ఒక్కోసారి తీగ కట్టిన రైతే మర్చిపోయి కాలు పెట్టి చస్తాడు. అది నేరం. మీ చేను పక్కన ఎవరైనా అలా కడితే చుట్టరికం చూడకుండా ఆపండి.

బిగించడానికి అయిన ఖర్చు: 14 గేజు జీఐ తీగ 52 కిలోలు, 110 వెదురు కర్రలు, మూలలకు ఎనిమిది రాతి కడీలు, 440 ఇన్సులేటర్లు, కూలీ. మిషన్‌తో కలిపి మొత్తం 32,470 రూపాయలు. నాలుగు వరుసలు లాగాం. మొదటిది నేలకు అడుగు ఎత్తులో. జింక దూకగలదు కానీ ముందు కింది నుంచి దూరడానికే చూస్తుంది, కాబట్టి కింది రెండు వరుసలు దగ్గరగా ఉండాలి. పై వరుసలు కాస్త ఎడం ఉన్నా ఫరవాలేదు.

ఇక లోపాలు. పెట్టెతో ఎర్తింగ్ కోసం ఇచ్చింది అడుగు పొడవు కడ్డీ ఒక్కటే. అది పాతి ఆన్ చేస్తే టెస్టర్‌లో 3,200 దాటలేదు. జింకలు తీగను ఆనుకునే లోపలికి వచ్చాయి. మిషన్ పాడైందేమోనని నాకు టెన్షన్ పట్టుకుంది. అమ్మిన దుకాణానికి ఫోన్ చేస్తే కంపెనీకి చేయమన్నారు, కంపెనీ నంబరు రెండు రోజులు ఎత్తలేదు. పుస్తకం హిందీలో, ఇంగ్లీషులో ఉంది, తెలుగు ఒక్క ముక్క లేదు. తెలంగాణ పల్లెల్లో అమ్మే వస్తువుకు తెలుగులో నాలుగు పేజీలు వేయలేకపోవడం నాకు చాలా బాధనిపించింది. చివరికి పక్క ఊరి మోటార్ మెకానిక్ తమ్ముడు వచ్చి ఐదడుగుల జీఐ పైపులు మూడు, పదేసి అడుగుల దూరంలో పాతించాడు. గుంతల్లో బొగ్గు, ఉప్పు వేసి నీళ్ళు పోశాం. టెస్టర్ చూస్తే 7,800. జింకకు తగిలిన దెబ్బ నేల గుండా తిరిగి మిషన్‌కు చేరాలి, అందుకే ఎర్తింగ్ ముఖ్యం. ఎండాకాలం రేగడి ఎండి నెర్రెలు విచ్చినప్పుడు వారానికోసారి ఆ గుంతల్లో బిందెడు నీళ్ళు పోయండి.

రెండోది గడ్డి. వానలకు గరిక లేచి కింది తీగను ముట్టుకుంటే పవర్ అంతా నేలలోకి పోతుంది. పది రోజులకోసారి కొడవలి పట్టుకుని చుట్టూ తిరగాల్సిందే. ఆగస్టులో ఆరు రోజులు ముసురు పట్టి ఎండ మొహం కనిపించలేదు. ఐదో రాత్రి బ్యాటరీ పడిపోయింది. ఇంట్లో చార్జ్ చేసి తెచ్చి పెట్టాను. మీరు కొంటే ఇంకొంచెం పెద్ద బ్యాటరీ అడగండి. సైరన్ మాత్రం బాగుంది. తీగ తెగినా, ఎక్కడైనా రాతి కడీకి ఆనినా మోగుతుంది. దాని వల్లే కంటినిండా నిద్రపోగలిగాను.

ఇవన్నీ సర్దుకునేవి. అసలు బాధ వేరే. నా చేను దక్కింది. మంద నా తీగ పక్క నుంచి నడిచి కౌలు అన్న కందిలోకి దిగింది. జూలై నెలంతా ఆయనకు నాకంటే రెండింతలు నష్టం. నేను తీగ కట్టి జింకలను ఆయన మీదికి తోలినట్టయింది. ఈ సంగతి అమ్మేవాళ్ళెవరూ చెప్పరు, అందుకే నేను చెప్తున్నా. ఒక్కరు కడితే పక్కవాళ్ళు మునుగుతారు. మునిగినవాళ్ళు తుపాకీ అడిగితే వాళ్ళను తప్పు పట్టే హక్కు మనకు ఉండదు.

అందుకే ఆగస్టులో ఆరు ఇళ్ళవాళ్ళం కూర్చున్నాం, అందులో ముగ్గురు సంతకం పెట్టినవాళ్ళు. ఆరుగురివీ కలిపి 22 ఎకరాలు ఒక్క చుట్టులో కట్టాం. నా నాలుగెకరాలకే ఒక్కో వరుసకు 510 మీటర్ల తీగ పట్టింది, అంటే ఎకరానికి 127 మీటర్లు. 22 ఎకరాలకు పట్టింది 1,350 మీటర్లు, ఎకరానికి 61. మిషన్ ఒక్కటే సరిపోయింది. అన్నీ లెక్క కడితే ఎకరానికి 2,700 దాటలేదు. గడ్డి కొట్టడం వంతులు వేసుకున్నాం. వాగుకు పోయే బాటనూ, మిగిలిన బీడునూ తీగ బయటే వదిలాం. అక్కడ అవి మేస్తాయి, నీళ్ళు తాగుతాయి. ఆ ముక్క కూడా దున్నితే ఏ మిషన్ వాటిని ఆపలేదు, ఆకలి ఆపనివ్వదు.

అక్టోబరులో ఒక జింక పిల్ల తీగ లోపల ఉండిపోయింది. పుట్టి రెండు రోజులు కూడా కాలేదు, పత్తి సాలులో చెవులు వాల్చి పడుకుని ఉంది. తల్లి తీగ అవతల అటూ ఇటూ తిరుగుతున్నది. ఊరి పిల్లలు దాన్ని ఎత్తుకుందామని పరిగెత్తారు, నేను ఆపాను. లేడి తన పిల్లను మొదటి రోజుల్లో గడ్డిలో దాచి వెళ్తుంది, పాలివ్వడానికి మళ్ళీ వస్తుంది, దాన్ని మనం ముట్టుకోకూడదు. మిషన్ ఆపి, ఆ వైపు రెండు వరుసలు విప్పి అందరం ఇళ్ళకు వచ్చేశాం. పొద్దున చూస్తే తల్లీ పిల్లా రెండూ లేవు. తీగ మళ్ళీ కట్టింది కౌలు అన్నే. అప్పటి నుంచి జింకలు ఈనే రోజుల్లో పొద్దున్నే ఒకసారి సాళ్ళు చూసుకుంటున్నాం.

పట్టుకుపోయి అడవిలో వదలాలని అడిగేవాళ్ళూ ఉన్నారు. నేను దానికి వ్యతిరేకం కాదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని షాజాపూర్ జిల్లాలో హెలికాప్టర్‌తో మందలను తోలి, గరాటులాంటి దడిలోకి పంపి ఎనిమిది వందలకు పైగా కృష్ణ జింకలను పట్టి వేరే అడవులకు తరలించారు. ఆఫ్రికా నుంచి వచ్చిన ఆ పద్ధతిని బోమా అంటారు. చేతులతో, వలలతో పడితే ఈ జంతువు ఒక్కోసారి బెదురుకే ప్రాణం విడుస్తుంది, అందుకే అంత ఏర్పాటు. అలాంటిది మన దగ్గర చేస్తే సంతోషమే. కానీ మిరుగు వాన దానికోసం ఆగదు, అంతవరకు తీగే దిక్కు.

నా నాలుగెకరాల్లో 26 క్వింటాళ్ళ పత్తి వచ్చింది. కౌలు అన్నకు జూలైలో పోయింది పోగా మిగిలిన కంది కౌలుకు సరిపోయింది, పైన కొంచెం మిగిలింది. మిషన్‌కు ఐదుకు నాలుగు ఇస్తాను. దాన్ని అమ్మినవాళ్ళ సర్వీసుకు ఒకటి. విడిగా కొనాలనుకుంటే కొనకండి, చుట్టుపక్కల చేలవాళ్ళను కూర్చోబెట్టి కలిసి కొనండి. సోలార్ కంచెకు సబ్సిడీ ఉందేమో ముందే మండల వ్యవసాయ ఆఫీసులో అడగండి, నేను అడగకుండా కొన్నాను.

మిరుగు మళ్ళీ దగ్గర పడింది. నిన్న ఆరుగురం కలిసి విరిగిన కర్రలు మార్చాం. చీకటి పడ్డాక కౌలు అన్న ఫోన్ చేసి, "చెల్లే, మిషన్ లైట్ కొట్టుకుంటలేదు, ఒకసారి వస్తవా?" అన్నాడు. పోయి చూస్తే బ్యాటరీ క్లిప్పు వదులైంది. బిగించి వచ్చాను.