ఏడేళ్లు ఎసిటాలోప్రామ్ వాడాక: రెండుసార్లు ఆపి, మళ్లీ మొదలెట్టి

డిప్రెషన్‌కి ఈ మాత్ర వాడటం 2018 చివర్లో మొదలైంది. ముందు 5 మిల్లీగ్రాములు, తర్వాత 10. మా కూకట్‌పల్లిలో మందుల షాపు అబ్బాయికి ఇంట్లో అందరం తెలుసు కాబట్టి రెండు వీధులు దాటి వెళ్లి కొనుక్కునేదాన్ని. ఎవరైనా తిక్కగా మాట్లాడితే ‘ఎర్రగడ్డకి పంపాలి’ అనే ఊరు మరి.

మొదటి రెండు వారాలు వికారం, ఆపకుండా ఆవలింతలు. నాలుగో వారం దాటాక ఓ రోజు గిన్నెలు తోముతూ కూనిరాగం తీస్తున్నానని నాకే తెలిసింది. అందుకే ఈ మందుకి రుణపడి ఉన్నాను. ఆరు కిలోలు పెరిగాను, అది సరే. పడకగదిలో ఆసక్తి పోయిందని డాక్టరుతో చెప్పడానికి రెండేళ్లు పట్టింది. నాన్న పోయినప్పుడు పదకొండో రోజు దాకా ఒక్క చుక్క కన్నీరు రాలేదు. ‘బీపీ మాత్ర లాంటిదే’ అని అందరూ అంటారు గానీ, బీపీ మాత్ర ఏడుపుని ఆపదు కదా.

2021లో, బాగానే ఉన్నాగా అని ఎవరికీ చెప్పకుండా మానేశాను. మూడో రోజు అమీర్‌పేట స్టేషన్లో మెట్రో వస్తోందా అని కళ్లు పక్కకి తిప్పగానే తలలో జివ్వుమని కరెంటు కొట్టినట్టయింది. కళ్లు తిప్పినప్పుడల్లా అంతే. పీడకలలు, చిరాకు. జబ్బు తిరగబెట్టిందనుకుని హడలిపోయాను. డాక్టరు విడమరిచి చెప్పారు: విత్‌డ్రాయల్ (మందు మానేసినందుకు వచ్చే ఇబ్బంది) అయితే మానేసిన కొద్ది రోజుల్లోనే వస్తుంది, మాత్ర వేస్తే త్వరగా సర్దుకుంటుంది, జబ్బు తిరగబెట్టడం సాధారణంగా వారాలు, నెలల మీద మెల్లగా జరుగుతుంది.

మళ్లీ 10 మొదలెట్టాను. 2023లో ఆయన చెప్పినట్టే తగ్గించాం. 10 నుంచి 5కి హాయిగా దిగాను. 5 నుంచి సున్నాకి రావడమే నరకం. ఎందుకంటే మెదడులో ఈ మందు పనిచేసే చోట్లలో చాలా భాగాన్ని చిన్న డోసే పట్టేస్తుందట. అందుకే కిందికి వచ్చేకొద్దీ ఇంకా చిన్న చిన్న మెట్లు కావాలని హోరోవిట్జ్, టేలర్ అనే వైద్యులు 2019లో రాశారు. మన దగ్గర చూస్తే 5 మాత్రను కట్టర్‌తో నాలుగు ముక్కలు చేయాలి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మిగతాది స్టీలు పళ్లెంలో పొడి. వేలు తడి చేసి ఆ పొడి నాకిన రోజులున్నాయి. ఐదు నెలలు పట్టింది, కానీ తలలో కరెంటు మాత్రం దాదాపు లేదు.

మాత్ర లేకుండా నాలుగు నెలలు బాగున్నాను. తర్వాత తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ రావడం మొదలైంది. ఆవకాయకని తెచ్చిన మామిడికాయలు సంచిలోనే మెత్తబడి వాసనేశాయి. అది మా ఆయన చూశారు, నేను చూడలేదు. మళ్లీ 5 మొదలెట్టాను.

ఓడిపోయానని చాలాకాలం బాధపడ్డాను. 2021లో బ్రిటన్ అధ్యయనం ఒకటి వచ్చింది. డిప్రెషన్ మందులు చాలాకాలంగా వాడుతూ, ఆపాలనిపించేంత బాగున్నవాళ్లనే తీసుకున్నారు. ఏడాదిలో ఆపినవాళ్లలో 56 శాతం మందికి, కొనసాగించినవాళ్లలో 39 శాతం మందికి డిప్రెషన్ తిరగబెట్టింది. అంటే ఆపినా నిలబడ్డవాళ్లు చాలామందే ఉన్నారు. నేను వాళ్లలో లేను, అంతే.

మొన్న డాక్టరు, మళ్లీ తగ్గించి చూద్దామా అన్నారు. వేసవి దాటనివ్వండి సార్, పచ్చళ్లు పట్టాలి అన్నాను.